రేకుల కప్పు వెంట ఎనిమిది రోజులు

మొదటి రోజు: సిడ్నీ

బాపట్లలో ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీసి బతుకుతున్న నాకు, రేకు అన్న మాట ఎత్తగానే ఇల్లు కట్టించుకునేవారి ముఖం ఎలా మారుతుందో బాగా తెలుసు. స్లాబు వేసినది ఇల్లు, రేకులు వేసినది షెడ్డు. నిరుడు ఒక రైతు తోటలో విడిదింటికి వంపు తిరిగిన జింకు రేకుల కప్పుతో ఒక బొమ్మ గీసి చూపిస్తే, ఆయన కాగితం వెనక్కి జరిపి, "రేకుల ఇల్లంటే పిల్లకు సంబంధాలు రావండీ" అన్నాడు. ఆ రేకులతోనే ఇళ్ళు కట్టి, 2002లో ఆర్కిటెక్టులకిచ్చే అత్యున్నత గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఆస్ట్రేలియా ఆర్కిటెక్ట్ గ్లెన్ మర్కట్ పనిని కళ్ళారా చూడాలని నాకు చాలా కాలంగా ఉంది. చెల్లెలి కుటుంబం సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో ఉంటుంది. మేనల్లుడికి చదువు ముగిసి, ఉద్యోగంలో చేరడానికి రెండు వారాలు ఖాళీ దొరికింది. కారు అతనిది, దారి నాది అని ఒప్పందం చేసుకున్నాం.

మే నెల కావడంతో ఇక్కడ ఆకురాలు కాలం. ఊరి ఆనవాయితీ ప్రకారం ముందు ఆపెరా హౌస్ దగ్గరికే వెళ్ళాం. దాన్ని ఊహించిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్‌కు ప్రిట్జ్‌కర్ వచ్చింది 2003లో, అంటే మర్కట్ తర్వాతి ఏడాది. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ కట్టడం రేవు ఒడ్డున నిలబడి ఉంటే, అంతకు ముందే ఆ బహుమతి తెచ్చుకున్న స్థానికుడి పని పొలాల్లోనూ అడవుల్లోనూ దాగి ఉంది. "మామయ్యా, ఆయన కట్టింది ఇక్కడేమీ లేదా?" అని మేనల్లుడు అడిగాడు. లేకేం, ఉన్నాయి, అయితే వాటిలో చాలా వరకు మనుషులు కాపురముంటున్న ఇళ్ళు, తలుపు తట్టి చూపించమనడం మర్యాద కాదు.

ఫెర్రీలో మాస్మన్ వైపు వెళ్తూ నాకు తెలిసిన కథ అతనికి చెప్పాను. మర్కట్ 1936లో, ఆస్ట్రేలియన్ తల్లిదండ్రులు ప్రయాణంలో ఉండగా లండన్‌లో పుట్టాడు. తొలి బాల్యం న్యూ గినీలోని మొరోబే ప్రాంతంలో, నేలకు ఎత్తుగా లేపి రేకులు కప్పిన ఇంట్లో గడిచింది. తర్వాత సిడ్నీలో ఆయన తండ్రి ఇళ్ళు కట్టేవాడు, వడ్రంగం తెలిసినవాడు. కొడుకుకు చెక్క అతుకులు నేర్పినదీ, అమెరికా పత్రికల్లో వచ్చే కొత్త ఇళ్ళ నకళ్ళను చూపించి ప్రశ్నలు వేసినదీ ఆయనే. 1961లో చదువు ముగించి, యూరప్ తిరిగి వచ్చి, సిడ్నీలో ఒక పేరున్న సంస్థలో కొన్నేళ్ళు పనిచేసి, 1969లో మాస్మన్‌లో సొంతంగా పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆయన పద్ధతి దాదాపు మారలేదు. జీతానికి మనుషులు లేరు, కంప్యూటర్ లేదు, పెన్సిలు, ట్రేసింగ్ కాగితం, ఒక బల్ల. పెద్ద పనులకు మాత్రం భార్య, స్వయంగా ఆర్కిటెక్ట్ అయిన వెండీ లూవిన్‌తోనో, మరొకరితోనో కలుస్తాడు. ఆస్ట్రేలియా బయట ఒక్క కట్టడమూ చేపట్టలేదు. తనకు తెలియని గాలిలో, తెలియని వానలో కట్టనని ఒక మనిషి పట్టుబట్టి కూర్చోవడం ఈ వృత్తిలో అరుదు.

మనకూ ఆయనకూ ఒక చుట్టరికం ఉంది. 2018లో మన దేశపు ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషిని ప్రిట్జ్‌కర్‌కు ఎంపిక చేసిన న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షుడు మర్కటే. దోషి కట్టిన ఈసీఐఎల్ భవనాల ముందునుంచి బస్సులో వెళ్ళిన హైదరాబాదువాళ్ళు ఎందరో ఉన్నారు; తల తిప్పి చూసినవాళ్ళు ఎందరో నేను చెప్పలేను.

రెండవ రోజు: కెంప్సీ

ఉత్తరానికి సుమారు 430 కిలోమీటర్లు. పసిఫిక్ హైవే ఇప్పుడు కెంప్సీ ఊరిని తాకకుండా మెక్లే నది మీదుగా మూడు కిలోమీటర్లకు పైగా పొడవైన వంతెనెక్కి పోతుంది. మేం మాటల్లో పడి మలుపు దాటేసి, వంతెన మొత్తం అటూ ఇటూ తిరిగి, ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది, చినుకులు మొదలయ్యాయి.

దక్షిణ కెంప్సీలో చెట్ల మధ్య ఉన్న మ్యూజియం, పర్యాటక సమాచార కేంద్రం మర్కట్ పనే. 1980ల ఆరంభానికి తయారై, ఆ దశాబ్దం చివర్లో మరికొంత పెరిగింది. బయటనుంచి చూస్తే ఇది గొప్ప భవనమని ఎవరూ అనుకోరు. ఇటుక గోడల మీద వంపు తిరిగిన రేకుల కప్పులతో, ఒకదాని పక్కన ఒకటిగా, పొడవైన మంటపాలు. మనవైపు పొగాకు బ్యారన్లు వరసగా నిలబడినట్టు నాకు కనిపించింది; ఈ ప్రాంతం మనిషికి పాల డెయిరీ షెడ్డు, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు గుర్తొస్తాయి. ఆ గుర్తు రావాలనే ఆయన ఉద్దేశం. పల్లెటూరి మ్యూజియానికి డబ్బు తక్కువ, అందులో పెట్టేవి నాగళ్ళు, వెన్న చిలికే పీపాలు, పాత ఛాయాచిత్రాలు. వాటికి పాలరాతి హాలు కడితే ఆ వస్తువులే సిగ్గుపడతాయి.

నేను చూడదలచుకున్నది వేరు. రెండు వంపు కప్పులు పక్కపక్కన దిగివచ్చే చోట ఒక లోయ ఏర్పడుతుంది. రేకుల కప్పులకు ప్రాణం తీసేది ఆ లోయే: ఆకులు పడతాయి, నీళ్ళు నిలుస్తాయి, మొదటి తుప్పు అక్కడే పుడుతుంది. మా ఊళ్ళో మేస్త్రీలు ఆ చోట ఒక సన్నని రేకు ముక్క మడిచి, తారు పూసి, దేవుడి మీద భారం వేస్తారు. ఇక్కడ గట్టరు మనిషి అడుగు పెట్టి నడిచేంత వెడల్పుగా కనిపించింది. నీరు పోయే దారిని దాచకుండా, అదే ఆ కట్టడానికి ముఖ్యమైన గీత అన్నట్టు చూపించాడు. వాన పెరిగింది. లోపల నిలబడితే రేకు మీద చప్పుడు వినిపిస్తున్నా, మన షెడ్డుల్లో లాగా మాట మింగేసే హోరు కాదు. దూరంగా ఎవరో బియ్యం చెరుగుతున్నంత శబ్దం. మేనల్లుడు గోడకున్న నాగలి చూస్తుండగా నేను కప్పు చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాను. కౌంటరు దగ్గరి పెద్దావిడ జాలిపడి, కుర్చీ కావాలా అని అడిగింది.

మూడవ రోజు: క్రెసెంట్ హెడ్ దారి, తిరుగు ప్రయాణం

తెల్లవారి క్రెసెంట్ హెడ్ వైపు పచ్చిక బయళ్ళలో కాసేపు తిరిగాం. ఈ నది పల్లంలోనే మేరీ షార్ట్ ఇల్లు ఉంది, 1975 నాటిది. చూడడానికి వెళ్ళలేదు, 1980లో దాన్ని మర్కటే కొనుక్కుని, పెంచి, తనదిగా చేసుకున్నాడు. కానీ ఆ నేల చూడకుండా ఆ ఇంటి ప్లాను అర్థం కాదు. వరదొచ్చే పల్లం, పాకే జీవాలు, ఎండాకాలంలో సముద్రపు గాలి, చలికాలంలో వ్యతిరేక దిక్కునుంచి కొట్టే గాలి. అందుకే ఇల్లు నేలను వదిలి స్తంభాల మీద నిలిచింది, గోడలు తెరుచుకునే లూవర్లు (వరసగా పేర్చిన, తిప్పగలిగే పలకలు) అయ్యాయి, పొడవైన రెండు మంటపాలు ఒకదానికొకటి కాస్త జరిగి పక్కపక్కన కూర్చున్నాయి, ఒకటి వంటకూ కూర్చోడానికీ, మరొకటి పడకకు. చెక్క చట్రాన్ని బోల్టులతో బిగించాడు. ఇంటావిడ ఎప్పుడైనా విప్పి మరోచోటికి తీసుకుపోవచ్చన్నది అప్పటి ఆలోచన; ఆ అవసరం ఆవిడకు కాక, కొన్న ఆర్కిటెక్టుకే వచ్చింది, చివరి గోడ విప్పి ముందుకు జరిపి మధ్యలో గదులు కలిపాడు. మన పూర్వులు పాత ఇంటి దూలాలూ ద్వారబంధాలూ విప్పి కొత్త ఇంటికి వాడుకున్నట్టే కదా. స్లాబు ఇల్లు అలా విప్పడం కుదరదు, పగలగొట్టడమే.

జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన మీస్ వాన్‌డెర్ రో కట్టిన ఫాన్స్‌వర్త్ గాజు ఇంటిని, మర్కట్ పడుచుదనంలో ఆరాధించాడు. నేలను తాకీ తాకనట్టు నిలిచే ఆ పెట్టెను తెచ్చి ఉన్ని షెడ్డుతో పెళ్ళి చేస్తే వచ్చినది ఈ మేరీ షార్ట్ ఇల్లు. నా ఉద్దేశంలో ఆయన వృత్తి జీవితంలో అసలు మలుపు ఇదే. తర్వాతవి దీని బిడ్డలు.

రాత్రి వెస్ట్‌మీడ్ చేరాం. చెల్లెలు చేసిన గోంగూర పచ్చడి.

నాలుగవ రోజు: మౌంట్ విల్సన్

నీలి కొండల్లో ఈ చిన్న ఊరికి ఈ కాలంలో జనం ఎర్రబడిన ఆకులు చూడడానికి వస్తారు. ఇక్కడి సింప్సన్-లీ ఇల్లు కూడా సొంత ఆస్తి, కాబట్టి బయటి రోడ్డు, చెట్లు, వాసన వరకే మా భాగ్యం. ఒక అర్థశాస్త్ర ఆచార్యుడు, కుండలు చేసే ఆయన భార్య, ఆర్కిటెక్టుతో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపి 1994 నాటికి పూర్తి చేయించుకున్న ఇల్లది. సన్నని లోహపు కప్పు, తెరిస్తే గోడే మాయమయ్యే గాజు తలుపులు. ఇంటికీ పనిగదికీ మధ్య దారి పక్కన ఒక కొలను. ఛాయాచిత్రాల్లో దాన్ని చూసి అందం కోసమని ఇన్నాళ్ళు అనుకున్నాను. అది కార్చిచ్చు వచ్చినప్పుడు ఇంటి మీద చిమ్మడానికి నిలవ ఉంచిన నీరు. ఇక్కడి యూకలిప్టస్ ఆకుల్లో నూనె ఉంటుంది, ఎండిన ఆకు అగ్గిపుల్లతో సమానం. గ్లెనోరీ అడవిలో ఇద్దరు చిత్రకారులకు కట్టిన ఇంటికి కూడా కప్పు మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టాడు. అక్కడ చెట్లు కొట్టకుండా, రాతిని పేల్చకుండా సన్నని ఉక్కు కాళ్ళ మీద ఇంటిని నిలబెట్టాడు.

నిజానికి ఈ రోజు నాకు ఒక సందేహం కూడా కలిగింది. ఏళ్ళ తరబడి ఆగగల ఓపిక, కొండ మీద స్థలం ఉన్నవారికే ఈ నైపుణ్యం అందుతుంది. ఆయన దగ్గరికి వెళ్ళినవారు వరసలో ఆగాలి. ఫ్లాట్లలో బతికే సిడ్నీకి ఈ పని సూటిగా ఏ జవాబూ చెప్పదు. మేనల్లుడు అదే మాట ఇంకా కటువుగా అన్నాడు, నేను కాదనలేదు.

ఐదవ రోజు: రివర్స్‌డేల్

సిడ్నీకి దక్షిణంగా నౌరా దాటి, అడవి దారిలో షోల్‌హేవెన్ నది ఒడ్డుకు చేరాం. చిత్రకారుడు ఆర్థర్ బాయిడ్ 1993లో బండనాన్, రివర్స్‌డేల్ భూములనూ తన చిత్రాలనూ దేశ ప్రజలకు ఇచ్చేశాడు. పిల్లలు వచ్చి నాలుగు రోజులుండి బొమ్మలు వేసుకోవడానికి మర్కట్, లూవిన్, రెగ్ లార్క్ కలిసి ఇక్కడ కట్టిన ఆర్థర్, ఆయన భార్య ఇవాన్ బాయిడ్ పేరిట విద్యా కేంద్రం 1999లో పూర్తయింది. మొత్తం ప్రయాణంలో నేను గంటల తరబడి ఉండగలిగింది ఇక్కడే.

కింద గడ్డి మీదనుంచి చూస్తే ముందు పెద్ద హాలు కప్పు కనిపిస్తుంది. నది వైపు ఎత్తుగా లేచిన ఆ వాలు, మన పెళ్ళి పందిరి ముందు భాగం పైకెత్తినట్టుంటుంది. వెడల్పైన తలుపులు తెరిస్తే హాలు వరండాగా మారిపోతుంది, నది లోపలికి వస్తుంది. పక్కన పొడవుగా పడకగదులు, 32 మంది పిల్లలకు. ఒక గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. మంచం పొడవునా బయటికి పొడుచుకొచ్చిన ఒక గూడు, అందులో పడుకున్నవాడి కంటి ఎత్తున చిన్న కిటికీ. నిలబడినవాడికి ఆ కిటికీతో పనిలేదు. అది తలగడ మీద తల పెట్టిన పిల్లవాడిది. బయట నిలువుగా నిలిచిన పలకలు పక్క గదివాడి చూపునూ, పొద్దుటి ఎండనూ ఆపి, నదిలో ఒక ముక్కను మాత్రం కోసి ఇస్తాయి. నేను పడుకుని చూశాను: రెండు చెట్లు, కొంచెం నీళ్ళు, ఎదుటి గట్టు. ప్లాను గీసేవాళ్ళం మేం గదిని పైనుంచి చూస్తాం, లేదా నిలబడి చూస్తాం. మంచం ఎక్కడ పడుతుందో గీస్తాం గానీ మంచం మీదినుంచి ఏం కనబడుతుందని నా ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ గీయలేదు.

2001 నుంచి ప్రపంచం నలుమూలలనుంచి వచ్చిన ఆర్కిటెక్టులకు మర్కట్, పీటర్ స్టచ్‌బరీ, రిచర్డ్ లెప్లాస్ట్రియర్ తదితరులు తరగతులు నడిపింది కూడా ఇక్కడే. ముందు స్థలంలో నడిచి, గాలినీ నేలనూ చదివి, తర్వాతే పెన్సిలు పట్టడం ఆ తరగతి పద్ధతి.

రాత్రి బసకు పక్కనే ఉన్న కొత్త కట్టడం, కెర్స్‌టిన్ థాంప్సన్ సంస్థ గీసిన 160 మీటర్ల పొడవైన వంతెన లాంటి వసతి. వాగు లోయ మీదుగా, నీరు కిందనుంచి పోయేలా నిలిపారు. దానితోపాటు 2022లో తెరిచిన చిత్రశాలను కొండ కడుపులోకి దింపారు, కార్చిచ్చు పైనుంచి దాటిపోయేలా. ముందుతరం నేలను తాకకుండా లేచింది, తర్వాతి తరం నేలలోకి దూరింది. ఇద్దరి ఎదుటా ఉన్నది ఒకే నిప్పు, ఒకే వరద.

ఆరవ రోజు: బింగీ

మొరూయా దగ్గరి బింగీ సముద్ర తీరం. యూరోబొడాలా జాతీయ ఉద్యానవనంలోని కాలిబాట మీద నడుస్తూ, మర్కట్ చేత మాగ్నీ ఇంటిని అలా కట్టించిన గాలిని అనుభవించాం. ఇంటి జోలికి పోలేదు. 1984లో పూర్తయిన ఈ ఇంటి యజమానులు అంతకు ముందు ఏళ్ళ తరబడి ఇదే చోట గుడారం వేసుకుని సెలవులు గడిపేవారు, ఇల్లూ గుడారంలా ఉండాలని కోరారు.

ఇక్కడ దిక్కుల లెక్క చెప్పాలి, వాస్తు పట్టింపున్న పాఠకులకు ఇది వింతగా ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ దేశంలో సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరాన ఉంటాడు. ఈ అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సుమారు 77 డిగ్రీల ఎత్తున, జూన్‌లో 30 డిగ్రీల ఎత్తున. ఉత్తరపు గోడ అంతా గాజు చేసి, చూరును సరైన కొలతకు ముందుకు చాపితే వేసవి ఎండ గాజును తాకదు, చలికాలపు ఎండ గది చివరిదాకా వస్తుంది. దక్షిణంనుంచి మంచు గాలి కనుక అటు గోడ తక్కువ ఎత్తు, గట్టిది. ఈ రెండు అవసరాలను కలిపితే కప్పు పక్షి రెక్కల్లా పైకి తెరుచుకుంటుంది, రెండు రెక్కల మధ్య పొడవునా ఒక గట్టరు. వాననీరంతా అందులోకి దిగి, గొట్టాల్లోంచి భూగర్భ తొట్టెల్లోకి పోతుంది. ఇంటికి తాగునీరు అదే. నాలుగు వైపులనుంచి వాననీటిని నడి వాకిట్లోకి దించిన మన మండువా లోగిలిని ఎవరో నిలువునా చీల్చి చాపినట్టు నాకు తోచింది. ఆ పోలిక ఆయనకు తెలిసి ఉండాల్సిన పనిలేదు.

సూర్యాస్తమయం లోపు గాలి ఎంత పెరిగిందంటే నోట్‌బుక్కులో కాగితాలు నిలవలేదు. గీయడం మానేసి కారెక్కాం.

ఏడవ రోజు: మెల్‌బోర్న్ దారి

ఏడువందల కిలోమీటర్లకు పైనే. కాన్ రివర్ దగ్గర టీ కోసం ఆగినప్పుడు, 2019-20 మంటల్లో నల్లబడిన మొదళ్ళనుంచే పచ్చటి చిగుళ్ళు గుత్తులుగా వచ్చి ఉన్న చెట్లు చూశాం.

దారిలో నేను చెప్పింది నేను చూడలేని ఒక ఇంటి గురించి. ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో, యిర్‌కలా అనే చోట, ఆదివాసీ చిత్రకారిణి బందుక్ మారికా, ఆమె భాగస్వామి కోసం 1994లో కట్టిన ఇల్లు. అది తుపానుల నేల. సిడ్నీ దగ్గర భాగాలుగా చేసి, పెట్టెల్లో ఓడ మీద పంపి, అక్కడ బిగించారు. కిటికీలకు గాజు లేదు, పైకెత్తే ప్లైవుడ్ తలుపులే గోడలు. కప్పు మీద గొట్టాలు గాలి దిక్కుకు తిరిగి, లోపలి ఒత్తిడిని బయటికి వదులుతాయి.

ఈ చివరి మాట చెప్తున్నప్పుడు నా గొంతు మారిందని మేనల్లుడు గమనించాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటికి నాకు ఆరేళ్ళు. మేం తలదాచుకున్న బడి రేకులు ఒక్కసారిగా లేచిపోవడం నాకు ఇప్పటికీ వినబడుతుంది. రేకును ఎగరగొట్టేది పైనుంచి వచ్చే గాలి ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. కప్పు మీద గాలి పరుగెత్తినప్పుడు పైన ఒత్తిడి తగ్గి, లోపలి గాలి కిందనుంచి తన్నుతుంది. బలమైన బిగింపు ఎంత ముఖ్యమో, లోపలి గాలికి దారి వదలడం అంత ముఖ్యం. యిర్‌కలాలోని ఆ ఇల్లు ఆదివాసీ కుటుంబాలకు నమూనా కావాలన్న ఆశ ఉండేది, కానీ పెద్ద ఎత్తున పాకలేదు. మన తుపాను తీరంలో కూడా అలాంటి ఆలోచన ఎవరూ పాకించలేదు. అందుకే అక్కడివాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఎనిమిదవ రోజు: న్యూపోర్ట్

మెల్‌బోర్న్ పడమటి శివారులో ఆస్ట్రేలియన్ ఇస్లామిక్ సెంటర్. మర్కట్, స్థానిక ఆర్కిటెక్ట్ హకాన్ ఎలెవ్లీ కలిసి గీసినది. ఆలోచన మొదలైనప్పటినుంచి పూర్తి కావడానికి దాదాపు దశాబ్దం పట్టింది. గుమ్మటం లేదు, మినార్ లేదు. ముందువైపు గాజు, రోడ్డు మీద పోయేవారికి లోపలిదంతా కనబడాలని. తెల్లని కాంక్రీటు గోడలు. "మామయ్యా, రేకులేవి?" అన్నాడు మేనల్లుడు నవ్వుతూ. వారం రోజులుగా నేను చెప్పిన సిద్ధాంతం అంతా ఆ కాంక్రీటు ముందు కొంచెం తడబడిన మాట నిజం.

లోపల చెప్పులు విడిచి నిలబడి తల ఎత్తాక తెలిసింది. కప్పులోంచి 96 దీపపు గూళ్ళు పైకి పొడుచుకుని ఉన్నాయి, త్రికోణాకారంలో, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం గాజులు. పొద్దు జరిగేకొద్దీ తివాచీ మీద రంగు కూడా జరుగుతుంది. మేం వెళ్ళినప్పుడు ఒక మూల పసుపు పల్చబడుతోంది. ఇంత పెద్ద హాలులో ఆయన మళ్ళీ కప్పునే గీశాడు. మాగ్నీ ఇంట్లో చూరు కొలత చేసిన పనిని ఇక్కడ ఈ గూళ్ళు చేస్తున్నాయి: ఎండ ఏ గంటకు ఎక్కడ పడాలో ముందే నిర్ణయించడం. రేకు ఆయనకు అందుబాటులో ఉన్న వస్తువు మాత్రమే అని ఒప్పుకోక తప్పలేదు.

అక్కడ సాయం చేసే పెద్దాయన ఒకరు వచ్చి, అందరూ అడిగే ప్రశ్నలకు జవాబులు వరసగా చెప్పాడు: రంగులు ఎందుకు, గుమ్మటం ఎందుకు లేదు, ఆడవారి గ్యాలరీ ఎక్కడ. ఇంకేమైనా అడగాలా అన్నాడు. ఇన్ని గూళ్ళు పైకి పొడుచుకుని ఉన్న కప్పు మీద పడ్డ వాన ఎటు పోతుందని అడిగాను. ఆయన ఒక క్షణం ఆగి, ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదని నవ్వి, పక్క తలుపు తెరిచి బయటికి దారితీశాడు. మేం చెప్పులు చేత్తో పట్టుకుని గోడ వెంట ఆయన వెనకే నడిచాం.